ఇనుప సూర్యుడి పక్క ఎవరు?

నేను ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. మొదట ఆళ్లగడ్డలో, తర్వాత నంద్యాలలో. రెండూ ఒకే ప్రైవేటు జూనియర్ కాలేజీకి శాఖలు. కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలు అప్పుడప్పుడూ ఇంటికొచ్చి, "మేడం, మీ అనుభవాలు చెప్పండి" అంటారు. సిలబస్ ఎట్లా పూర్తిచేయాలో, ర్యాంకులు ఎట్లా తెప్పించాలో చెబుతానని వాళ్ళ ఆశ. నిజం చెప్పాలంటే అవేవీ నాకు గుర్తులేవు. గుర్తున్నవల్లా వాదనలే. అందులో సగం సూర్యుడి మీద జరిగినవి. ఒక్కదాన్నే కూర్చుని అవి తలుచుకుని నవ్వుకుంటుంటే మా ఆయన గుమ్మంలోంచి తొంగిచూసి, "ఏందే, మళ్ళా సూర్యుడేనా?" అని పోతుంటాడు.

మన దగ్గర సూర్యుడి మీద అభిప్రాయం లేని మనిషి లేడు. ఏప్రిల్ నెలలో నంద్యాల బస్టాండులో కాసేపు నిలబడండి. ఆయన గుణగణాల మీద మంచి ఉపన్యాసాలు వినొచ్చు, కొన్నింట్లో తిట్లు కూడా ఉంటాయి. అట్లాంటి ఊళ్ళో సూర్యుడి పాఠం చెప్పడమంటే పెళ్ళివారింట్లో వంట గురించి మాట్లాడినట్టే. ప్రతివాడికీ ఒక మాట ఉంటుంది. మీరు ఈ పనిలోకి వస్తున్నట్టయితే ఆ మాటలకు భయపడకండి, చెవి ఒగ్గండి.

కర్పూరం

మా నాయన కొలిమిగుండ్ల దగ్గర ఒక పల్లెలో చర్చి బడి టీచరు. ఆదివారం ప్రార్థన అయ్యాక జనం తగాదాలు మోసుకొచ్చి ఆయన ముందు పెట్టేవారు. గట్టు తగాదాలు, మేకల తగాదాలు, వియ్యంకుల తగాదాలు. ఆయన పద్ధతి ఒకటే. "ముందు ఎదుటోని మాట నువ్వు చెప్పు. వాడు 'అవును, నేను అనేది అదే' అన్న తర్వాతనే నీ మాట ఎత్తు." మేక పోయినవాడు మేక దొంగ పక్షాన మాట్లాడాలి. దొంగ లేచి మేక పోయినవాడి బాధ చెప్పుకోవాలి. చాలాసార్లు సగంలోనే ఇద్దరికీ నవ్వొచ్చి తగాదా అక్కడే ఆగిపోయేది.

నేను ఆళ్లగడ్డలో చేరిన కొత్తలో ఆ పద్ధతిని క్లాసులోకి తెచ్చాను. ఒకరోజు సూర్యుడు దేనితో తయారయ్యాడని అడిగితే వెనక బెంచీ అమ్మాయి ఒకతె లేచి, "కర్పూరం మేడం" అంది. క్లాసంతా గొల్లుమంది. ఆ పిల్ల మాత్రం చెక్కుచెదరలేదు. "మండుతాది, వెలుగిస్తాది, బూడిద మిగల్దు. సూర్యుని కింద మీరు యాడన్నా బూడిద చూసినారా?" అని నన్నే నిలదీసింది.

నాకు ఎంత సంబరమైందో చెప్పలేను. ఎక్కువ నవ్విన కుర్రాణ్ణి లేపి, "నువ్వు కర్పూరం పక్క వాదించు" అన్నాను. ఆ పిల్లను హైడ్రోజన్ పక్క నిలబెట్టాను. రెండు రోజుల్లో ఆమే తన సిద్ధాంతాన్ని పడగొట్టుకుంది. మండేది ఏదైనా సరే, కర్పూరమో బొగ్గో కిరసనాయిలో, సూర్యుడంత ముద్ద ఉన్నా భూమి వయసులో వెయ్యోవంతు కూడా వెలగదు, ఎప్పుడో ఆరిపోవాలి. ఆరలేదు కాబట్టి అక్కడ జరిగేది మంట కాదు, హైడ్రోజన్ కేంద్రకాలు ఒకదానితో ఒకటి కలిసి హీలియం కావడం. ఇదంతా నేను బోర్డు మీద రాసి ఉంటే ఆ క్లాసులో ఎవరికీ గుర్తుండేది కాదు.

సిలబస్ మాత్రం వెనకబడింది. అప్పుడు చీవాట్లు తిన్నాను. ఇప్పుడైనా మళ్ళీ అట్లాగే చేస్తాను.

ప్రిన్సిపాల్ గారు

నంద్యాలకు మారాక నాకు దొరికిన పై అధికారి ఓబుళరెడ్డి సార్. సొంతూరు ఆళ్లగడ్డ దగ్గరే, బాగా నేలున్న కుటుంబం. చదివింది వృక్షశాస్త్రం. చెట్టు గురించి అడిగితే ప్రాణం పెట్టి చెప్పేవాడు. పిల్లల మీద చెయ్యెత్తేవాడు కాదు, ఎత్తేవాళ్ళని ఊరుకునేవాడూ కాదు. నేను చూసిన ప్రిన్సిపాళ్ళలో మంచివాడి కిందే లెక్క.

కానీ ఆయన నోట 'తెలియదు' అన్న మాట ఎవరూ వినలేదు. వాదనలో ఓడిపోవడం కూడా ఎవరూ చూడలేదు. ఒకసారి ఆళ్లగడ్డ బస్సనుకుని బనగానపల్లె బస్సెక్కాడు. కండక్టరు చెబితే వినలేదు. ఆ బస్సు ఆళ్లగడ్డకు ఎందుకు పోతుందో కండక్టరుకే వివరించాడు. చివరికి బనగానపల్లెలో దిగి, "నాకు పనుండేది ఈడే" అని గంభీరంగా యాగంటికి పోయి దర్శనం చేసుకుని, ప్రసాదం తెచ్చి మా అందరికీ పంచాడు. ప్రసాదం తింటూ కథంతా ఆయన నోటితోనే విన్నాం. ఆయన దృష్టిలో అది కండక్టరు ఓడిపోయిన కథ.

అట్లాంటి మనిషి ఫోనులోకి ఒక వీడియో వచ్చింది. సూర్యుడు వాయు గోళం కాదట. లోపల గట్టి ఇనుము, పైన పలచగా మంటల తెర. చల్లటి ఇనుము మీద వేడి వాతావరణం. శాస్త్రవేత్తలు ఈ సంగతి దాస్తున్నారట. ఓబుళరెడ్డి సార్‌కు అది తెగ నచ్చింది. స్టాఫ్‌రూములో టీ తాగుతూ మా అందరినీ వరసగా ఇనుము మతంలోకి మార్చడం మొదలుపెట్టాడు. కెమిస్ట్రీ సార్ ఏదో పెళ్ళికి పోవాలని చెప్పి లేచి వెళ్ళేవాడు. ఇంగ్లీషు మేడం ఏది చెప్పినా "అవును సార్" అనేది. నేను ఆయనతో రోజూ వాదించి, రోజూ ఆనందంగా ఇంటికెళ్ళేదాన్ని. నాకు రిటైర్మెంటు దగ్గరపడింది, పోయేదేముంది?

పోయేది శైలజకు ఉంది.

శైలజ

శైలజ మా దగ్గర జూనియర్ ఫిజిక్స్ లెక్చరర్. ఊరు ప్యాపిలి. ఏడాదికోసారి జూన్‌లో కొనసాగిస్తే ఉద్యోగం ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. కొనసాగించేది ప్రిన్సిపాలే. ప్యాపిలిలో వాళ్ళ అన్నకు బట్టల షాపు ఉంది. "ఆడ గొంతు చించుకునేది ఎందుకు, వచ్చి కౌంటర్లో కూర్చో" అని ఆయన పిలుస్తూనే ఉన్నాడు. శైలజకు బోర్డు ముందు నిలబడటమంటే ప్రాణం. పాఠం చెప్పి బయటికొచ్చేటప్పుడు ఆ పిల్ల ముఖం చూడాలి, జాతర నుంచి వస్తున్నట్టుండేది. ఆ ఉద్యోగం పోతే ఆమె ఏమైపోతుందోనని నాకు నిజంగా బెంగగా ఉండేది.

ఒకరోజు ఓబుళరెడ్డి సార్ ఆమె క్లాసులోకి వెళ్ళి, పిల్లలకు ఇనుప సూర్యుడి పాఠం చెప్పి వచ్చాడు. ఆయన గడప దాటాక శైలజ చాలా మర్యాదగా, "సార్ చెప్పింది ఒక ఊహ. దానికి ఆధారాలు చాలవు. పరీక్షలో రాయొద్దండి" అంది. అంతే. భోజనాల వేళకు ఆ మాట ఆయన చెవిన పడింది, పడేసరికి నాలుగు మాటలైంది.

ఆయన నన్ను పిలిచాడు.

"సులోచనమ్మా, సైన్స్ డే నాడు ఆళ్లగడ్డలో సభ పెడదాం. నేను ఒక పక్క, ఆ యమ్మ ఒక పక్క. మీరు పెద్దమనిషి. అందరి ముందర తేలిపోనీ. ఆ యమ్మ ఓడిపోతే జూన్‌లో ప్యాపిలిలోనే ఉండమని చెప్పండి."

"మీరు ఓడిపోతే సార్?"

ఆయన నా వైపు జాలిగా చూశాడు. అట్లాంటిది ఒకటి జరగొచ్చని ఆయనకు తట్టనేలేదు.

బయటికొచ్చి ఆలోచించాను. శైలజ ఓడితే ఉద్యోగం పోతుంది. గెలిస్తే, సొంతూళ్ళో, సొంతవాళ్ళ ముందు ప్రిన్సిపాల్‌ను ఓడించినందుకు పోతుంది. ముందు నుయ్యి వెనక గొయ్యి. అప్పుడు మా నాయన మేక తగాదాలు గుర్తొచ్చాయి. నడవాలో నిలబడే పకపకా నవ్వాను. అటెండరు భయపడి నీళ్ళు తెచ్చిచ్చాడు.

మర్నాడు ప్రిన్సిపాల్ గదికి పోయి అన్నాను: "సార్, ఎవరి పక్క వాళ్ళు మాట్లాడటం ఏం గొప్ప? ఓబుళరెడ్డి సార్ ఏ పక్క నిలబడినా గెలుస్తాడని పిల్లలు అంటున్నారు. పక్కలు మార్చుకోండి. మీరు పుస్తకంలోని సూర్యుడి పక్క చెప్పండి, ఆ అమ్మాయి ఇనుము పక్క చెబుతుంది."

ఆయన కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. "పిల్లోళ్ళు అట్ల అంటాండారా?"

"రోజూ అంటున్నారు సార్."

"అయితే సరే. ఆ పుస్తకాలు బేగా పంపించండి."

నా లెక్క ఇది. శైలజ గెలిస్తే గెలిచేది సార్‌కు ఇష్టమైన ఇనుము, కాబట్టి ఆయనకు కోపం రాదు. శైలజ ఓడితే ఇనుమును ఓడించింది సారే, కాబట్టి పిల్లలకు అబద్ధం నేర్పే బాధ తప్పుతుంది, ఉద్యోగం సంగతి ఆయన గెలిచిన హుషారులో ఉన్నప్పుడు నేను మాట్లాడుకోవచ్చు. ఎటు పడినా మనదే. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

సభ

ఆళ్లగడ్డ శాఖ హాలు పక్కనే శిల్పులు రాతి విగ్రహాలు చెక్కే వీధి. ఉలి చప్పుడు ఆగని చోటు. ఆరోజు మధ్యాహ్నం మాత్రం చప్పుడు ఆగిపోయింది, ఎందుకంటే చెక్కేవాళ్ళంతా కిటికీల దగ్గరికి వచ్చేశారు. ముందు వరసలో ప్రిన్సిపాల్ పెదనాయన, చేతికర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను దగ్గరికి పిలిచాడు.

"అమ్మా, మావోడు ఇనుము పక్కనా, గాలి పక్కనా?"

"వాయువు పక్క పెదనాయనా."

"అయితే గాలే" అని తేల్చేసి వెనక్కి వాలాడు.

ఓబుళరెడ్డి సార్ రెండు సమానమైన చెంబులు తెచ్చాడు. ఒకదాన్నిండా నీళ్ళు, ఒకదాన్నిండా ఇనుప బోల్టులు. పెదనాయన చేత రెండూ ఎత్తించాడు. బోల్టుల చెంబు దగ్గర పెద్దాయన మూలిగాడు. సార్ గొంతు ఖంగుమంది.

"సూర్యునంత నీళ్ళ ముద్ద ఒకటి చేసినామనుకోండి. సూర్యుని బరువు దానికి ఒకటిన్నర రెట్లు కూడా ల్యాదు. అదే ఇనుము ముద్దయితే ఎనిమిది రెట్ల దాకా ఉంటాది. సూర్యుడు అంత బరువుంటే భూమిని ఇంకా గట్టిగా లాగుతాడు. మనం ఇంకా బిరబిరా తిరగాల. ఐదు నెల్లకే ఏడాది అయిపోతాది! ఐదు నెల్లకో ఉగాది! నేను ఎప్పుడో రిటైరయిపోయి ఉండాల!"

హాలు దద్దరిల్లింది. నేను ఆశ్చర్యంతో నోరు తెరిచాను. ఆ పుస్తకాలు ఆయన నిజంగా చదివాడు. అందులో ఐదు నెలల లెక్క లేదు, అది ఆయన సొంతంగా వేసుకున్నది.

శైలజ లేచింది. నిన్నటిదాకా "ఇనుమని నా నోటితో ఎట్ల చెప్పేది మేడం?" అని వణికిన పిల్ల. "సార్, బోల్టులు నింపిన చెంబు బరువే. ఖాళీ చెంబో? సూర్యుడు బోలుగా ఉండే ఇనుప చెంబు అయితే? ఇంకొకటి. సూర్యకాంతిని రంగులుగా విడగొట్టి చూస్తే, ఇనుము ఉంటేనే పడే గీతలు కుప్పలు కుప్పలు కనబడతాండాయి. ఇనుము ల్యాకుంటే అవి యాడనుంచి వచ్చినాయి?"

కిటికీల దగ్గర చప్పట్లు.

"ఉప్పు గీతలు కూడా కనబడతాయమ్మా, కూరంతా ఉప్పేనా? ఉండాల్సింది చిటికెడు!" అన్నాడు సార్. "అసలు ఆ వేడికి ఇనుము కరగడం కాదు, ఆవిరైపోతాది!"

"పైన వేడి సార్. కింద చల్లగా ఉండాదేమో!"

అప్పుడు చూశాను శైలజ కళ్ళు. మెరుస్తున్నాయి. ఒక లెక్క తప్పాను: ఆ పిల్లకు కూడా ఓడిపోవడం తెలియదు. రెండో లెక్క ఇంకా ఘోరం. ఓబుళరెడ్డి సార్‌కు ఇప్పుడు ఇనుము మీద ప్రేమ లేదు. పెదనాయన ముందు గెలవడం మీదే ఉంది. ఇప్పుడు శైలజ గెలిచిందంటే ఆయన సిద్ధాంతం గెలుస్తుంది, ఆయన ఓడిపోతాడు. తెలివి ఎక్కువైతే ఇంతే. నేను టేబులు కింద నుంచి శైలజ చీర కొంగు లాగాను. ఆమె విడిపించుకుంది.

"సార్, ఒక్క ప్రశ్న" అంది. "పొయ్యి కాడి నుంచి దూరం జరిగితే వేడి తగ్గల్ల కదా. సూర్యుని పైభాగం వేడి ఆరు వేల డిగ్రీలకు లోపే. దాని పైన ఉండే వాతావరణం, గ్రహణం నాడు తెల్లగా కనబడే కిరీటం, అది పది లక్షల డిగ్రీలు దాటి ఉంటాది. పొయ్యి కంటే పొయ్యి మీది గాలి అంత వేడి ఎట్లయితాది? మీ వాయు గోళం దీనికి ఏం చెప్తాది?"

ఇనుప సూర్యుడి వీడియోలో ఉన్న పెద్ద తుపాకి అదే. అది సార్ తుపాకే. తిప్పి ఆయన మీదే పెట్టింది.

ఆయన నీళ్ళ చెంబు వైపు చూశాడు. నా వైపు చూశాడు. "అయస్కాంత తరంగాలు మోసుకుపోతాయని కొందరు అంటాండారు" అన్నాడు నెమ్మదిగా. "చిన్న చిన్న పేలుళ్ళని కొందరు అంటాండారు. రెండూ ఉండొచ్చు. ఏది ఎంత అని ఇంకా తేలల్యా."

"అంటే సార్?"

ఆ క్షణం ఎట్లా గడిచిందో నాకే తెలుసు. ఓబుళరెడ్డి సార్ కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నాడు.

"నాకు తెల్దు" అన్నాడు.

ముందు వరసలో పెదనాయన చేతికర్ర జారి కిందపడింది. ఇంగ్లీషు మేడం అలవాటుగా "అవును సార్" అని, నాలిక కరుచుకుంది. ఇన్నేళ్ళుగా ఆ మాట వినాలని కాచుకున్నాను, చివరికి శైలజ ఉద్యోగం దాని మీద వేలాడుతున్నప్పుడు వినాల్సి వచ్చింది.

కానీ ఆయన ఇంకా కూర్చోలేదు.

"తెల్దు. అయితే ఏంది? మా ఎద్దు నిన్నటి నుంచి మేత ఎందుకు ముట్టడంల్యాదో నాకు తెల్దు. అందుకని అది బర్రె అయిపోతాదా?"

ఒక్కసారిగా హాలంతా పొంగింది. ఆయన గొంతు పెంచాడు. "కిరీటం సంగతి తెల్దు గాని కింద సంగతి తెలుసు. నెత్తిన అంత మంట పెట్టుకుని కోట్ల ఏండ్లు ఇనుము చల్లగా ఉంటాదా? పొయ్యి మీద ఐసుగడ్డ పెట్టి, కరగదని చెప్పినట్టుండాది! వేడి కింద నుంచే వస్తాండాదమ్మా, లోపల హైడ్రోజన్ హీలియం అయ్యే కాడి నుంచి. బరువు చెప్పేది అదే, వెలుగు చెప్పేది అదే. ఒక్కటి తెలియనందుకు తెలిసినవన్నీ బావిలో పారేస్తామా?"

దేవుడి దయ, శైలజ ముఖమంతా నవ్వు పరుచుకుంది. చేతులెత్తి దండం పెట్టి, "ఇనుము ఓడిపోయింది సార్" అంది.

శిల్పుల వీధి వాళ్ళు ఈలలు వేశారు. పిల్లలు బెంచీలెక్కారు. పెదనాయన, "నేను ముందే చెప్తి గదా, గాలే అని" అని చుట్టూ ఉన్నవాళ్ళకు చెప్పుకుంటున్నాడు. నేను పెద్దమనిషినన్న సంగతి మరిచి బల్ల చరుస్తున్నాను.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఏమైనా ఉంటే ఆ మధ్యాహ్నంలోనే ఉంది. పిచ్చి సిద్ధాంతం తెచ్చినవాణ్ణి గది బయట నిలబెట్టకండి. వాడి చేతే రెండో పక్క చెప్పించండి, ఎంత పెద్దవాడైనా సరే. పై అధికారి అయితే కొంచెం పొగడాల్సి ఉంటుంది, ఏం ఫరవాలేదు.

సందడి తగ్గాక ఓబుళరెడ్డి సార్ చెరుకురసం గ్లాసుతో మా దగ్గరికి వచ్చాడు. గెలిచిన మనిషి, ముఖం వెలిగిపోతోంది. జూన్ సంగతి ఎట్లా ఎత్తాలా అని నేను మాటలు కూడగట్టుకుంటున్నాను. ఆయన నన్ను చూడనేలేదు. గ్లాసు శైలజ చేతిలో పెట్టి, చాలా దయగా, ఓదార్పుగా అడిగాడు:

"ఓడిపోతినని బాధపడొద్దమ్మా. బాగా చెప్పినావు. అయినా అంత చదువుకున్న పిల్లవు, సూర్యుడు ఇనుమని నీకు ఎవురు చెప్పినారు?"

శైలజ నా వైపు చూసింది. నేను పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూశాను. నవ్వు ఆపుకోలేక నా కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

"తెల్దు సార్" అంది శైలజ.

ఆయన ఎంతో మెచ్చుకోలుగా తల ఊపాడు.

"అట్ల చెప్పాల. జూన్‌లో వచ్చి పిల్లోళ్ళకు కూడా అట్లనే చెప్పు."